ఏరు దాటినవారి ఋణం

ఉగాది పండుగకు మారిషస్ ద్వీపంలో ప్రభుత్వం సెలవిస్తుంది. ఇక్కడ, ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్‌లో, అది మామూలు పనిదినం. కనుక మన కుటుంబాలవారు ఆ దగ్గరి ఆదివారం నాడు ఒకచోట చేరి, ఉగాది పచ్చడి సేవించి, పంచాంగ శ్రవణం చేసి, తాతలనాటి రామభజన కీర్తనలు నాలుగు పాడుకొని ఇళ్ళకు మళ్ళుతాం. మారిషస్ నుండి వచ్చినవారు కొందరు, నేటాల్ నుండి, ఫిజీ నుండి వచ్చినవారు కొందరు. అందరమూ ఒకప్పుడు ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి చెరకుతోటలలో చేరిన తెలుగు కూలీల సంతతివారమే.

ఒక ఉగాదినాడు భోజనాలయిన తరువాత, కళాశాలలో చదువుకొంటున్న మన పిల్లవాడొకడు నా ప్రక్కన కూర్చుండి ఒక ప్రశ్న వేశాడు. “పెద్దలు ఏటేటా తాతముత్తాతల కష్టాలు చెబుతారు. మేము వింటాం, దండం పెడతాం. ఆ తరువాత ఏమిటి? వాళ్ళు కష్టపడ్డారు, మనం సుఖపడ్డాం. వాళ్ళిప్పుడు లేరు. లేనివారికి బాకీ ఎలా తీర్చగలం? తీర్చలేని బాకీని బాకీ అనడం ఎందుకు?”

ఆనాడు నేను సరియైన సమాధానం చెప్పలేకపోయాను. పెద్దలను స్మరించడమే ఋణం తీర్చుకోవడమని ఏదో అని తప్పించుకొన్నాను. పిల్లవాడు మర్యాదకు తల ఊపి లేచిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఈ పుటలలో ఆ పిల్లవానికి ఆలస్యంగా సమాధానం చెప్పబూనుతున్నాను.

మనిషి ఋణాలతో పుడతాడని మన సంప్రదాయం. దేవఋణం యజ్ఞంతోను, ఋషిఋణం అధ్యయనంతోను, పితృఋణం సంతానంతోను తీరుతాయని చెబుతారు. ఈ మూడూ అందరికీ తెలిసినవే. శతపథ బ్రాహ్మణం వీటికి నాలుగవదానిని కూడా చేర్చింది. అది మనుష్యఋణం. తోటి మనిషికి నిలువనీడ, తినడానికి అన్నం ఇచ్చి ఆ ఋణం తీర్చుకోవాలని దాని భావం. ఈ నాలుగవ ఋణాన్ని మనం తరచుగా మరచిపోతూ ఉంటాం. మన వంటి వారి విషయంలో మూడవ ఋణం నాలుగవ ఋణం ద్వారా తప్ప తీరదని నా అభిప్రాయం. ఎందువలన అన్నది రెండు వేల చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఆ చిన్న ద్వీపం కథ చూస్తే బోధపడుతుంది.

పదహారు మెట్లు

పోర్ట్ లూయీ రేవులో 16 రాతిమెట్లు ఉన్నాయి. 1834 నుండి సుమారు ఎనభై యేళ్ళకు పైగా దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. దానినే నేడు ఆప్రవాసీ ఘాట్ అంటున్నారు. యునెస్కో 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. వారిలో మన తెలుగువారు గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాలవారు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు నుండి ఓడ ఎక్కినందున ఆ ద్వీపంలో మనకు ‘కోరంగీలు’ అనే పేరే నిలిచిపోయింది. 1832–33 గుంటూరు కరువు, 1839లో కోరంగిని ముంచివేసిన తుపాను ఆ కాలపు తీరాంధ్ర ఎటువంటిదో చెబుతాయి. గోదావరి మీద కాటన్ ఆనకట్ట పూర్తి అయినది 1852లో. అంతకు ముందే ఓడ ఎక్కినవారికి ఆ నీటి భాగ్యం దక్కలేదు.

అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయల కూలి, కొలిచి ఇచ్చే బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. తోట దాటి బయటికి వెళ్ళాలంటే చీటీ కావాలి. చీటీ లేనివాడు చెరసాలకు వెళ్ళాలి. మనిషికి ఒక సంఖ్య. మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన ఆనాటి రికార్డులలో ఆ సంఖ్యలు నేటికీ ఉన్నాయి. మా వంశకర్త పేరును ఏ గుమస్తా ఎలా విన్నాడో అలా వ్రాసుకొన్నాడు. ఊరి పేరు ఎవరూ పోల్చలేని రూపంలో మిగిలిపోయింది. అందుకే ఆంధ్ర, తెలంగాణల నుండి క్రొత్తగా వచ్చిన తెలుగువారు ఇక్కడి దేవాలయంలో “మీది ఏ ఊరండీ?” అని ప్రేమగా అడిగినప్పుడు మనవారు తడుముకొని “కోరంగి” అంటారు. అది ఊరు కాదు, వెళ్ళిపోయిన వాకిలి.

ఆ ద్వీపం అగ్నిపర్వతపు రాతి నేల. చెరకు నాటాలంటే ముందు రాళ్ళు ఏరాలి. మన పూర్వులు చేతులతో ఏరి తోటల నడుమ గుట్టలుగా పేర్చారు. ఆ నల్లరాతి గుట్టలు ఎంతోకాలం తోటల మధ్య గోపురాలవలె నిలిచి ఉండేవి. చదువు లేనివారు తమ జీవితచరిత్రను వ్రాసుకొన్న పద్ధతి అదేననిపిస్తుంది.

ఇంతవరకు మన పిల్లలు విన్న కథే. వారికి మనం అంతగా చెప్పనిది మరొకటి ఉన్నది. మనవారు ఎవరి స్థానంలో ఆ ద్వీపానికి వచ్చారు? 1835లో అక్కడ బానిసత్వం రద్దయినది. అరవై వేల మందికి పైగా ఆఫ్రికా, మడగాస్కర్ సంతతి బానిసలు విముక్తులైనారు. ప్రభుత్వం యజమానులకు నష్టపరిహారంగా ఇరవై లక్షల పౌన్లకు పైగా చెల్లించింది. బానిసలుగా బ్రతికినవారికి ఏమీ ఇవ్వలేదు. వారు నాలుగు డబ్బులు ఎక్కువ కూలి అడగగలిగే సమయానికి మన ఓడలు వచ్చాయి. అవసరానికి మించి మనుషులను దింపితే కూలి పెరగదని తోటల యజమానులకు బాగా తెలుసు. మనవారికి ఆ లెక్క తెలియదు. వారి తప్పూ లేదు. కాని వారి ఆకలిని మరొకరి నోటి దగ్గరి ముద్దను తగ్గించడానికి వాడుకొన్నారన్నది చరిత్ర. మన కథను ఈ పేజీ లేకుండా చెబితే అది సగం కథే అవుతుంది.

కష్టమొక్కటే కాదు

“మనవారు కష్టపడి పైకి వచ్చారు” అన్నది మనం తరచుగా అనే మాట. అది సత్యమే. అయితే 1850లో చెరకు నరికినవాడు 1980లో నరికినవాని కన్నా తక్కువ కష్టపడ్డాడా? ఎక్కువే కష్టపడ్డాడు. అయినా అతడు పైకి రాలేదు. మరి కష్టానికి ఫలం ఎప్పుడు పుట్టింది? చుట్టూ ఉన్న కట్టుబాట్లు మారినప్పుడు పుట్టింది. ఆ కట్టుబాట్లను మనం ఒంటరిగా మార్చుకోలేదు.

1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే జర్మన్ వంశీయుడు, తొమ్మిది వేల మందికి పైగా పాత కూలీల సమ్మతితో గవర్నరుకు ఒక అర్జీ సమర్పించాడు. చీటీల పీడన, పోలీసుల దౌర్జన్యం, కూలి ఎగవేత అందులో వివరించాడు. అతడు కూలీ కాదు, భారతీయుడూ కాదు. తోటలు నడిపించే వర్గానికి చెందినవాడు. తనవారే అతనిని దేశద్రోహిగా చూశారు. పోర్ట్ లూయీ వీధిలో అతనిని కొట్టారు. ఆ అర్జీ ఫలితంగా 1872లో రాజవిచారణ సంఘం వచ్చింది. దాని నివేదిక తరువాత కొన్ని పీడనలు తగ్గాయి. అతడు మనకు ఏ విధంగానూ ఋణపడి లేడు.

చక్కెర ధర పడిపోయిన రోజులలో తోటల యజమానులు అంచుభూములను ముక్కలుగా అమ్మివేశారు. పైసా పైసా కూడబెట్టిన పాత కూలీలు ఎకరం, అరెకరం కొన్నారు. కాలికింద సొంత నేల ఏర్పడినది అప్పుడే. 1936లో లేబర్ పార్టీని స్థాపించిన మొరీస్ క్యూరే క్రియోల్ వైద్యుడు. కూలీలను సంఘటితపరచిన ఎమ్మాన్యుయెల్ ఆంకెతిల్ కూడా క్రియోలే. 1938లో ప్రభుత్వం అతనిని రోడ్రిగ్స్ దీవికి పంపివేసింది. మన పూర్వుల రాకవల్ల ఎవరి పూర్వుల కూలి తగ్గిందో, వారి మనుమలే మన తాతల కూలి పెంచడానికి ప్రవాసశిక్ష అనుభవించారు. ఈ సంగతిని మన పండుగ సభలలో ఎన్నిసార్లు చెప్పుకొన్నాం?

1937లో యూనియన్ ఫ్లాక్ తోటలో తుపాకులు పేలి నలుగురు కూలీలు మరణించారు. 1943 సెప్టెంబరులో బెల్‌వ్యూ హారెల్‌లో మరల నలుగురు నేలకూలారు. వారిలో గర్భిణి అయిన అంజలై కూపెన్ అనే తమిళ సోదరి ఉన్నది. నేడు ఆ ప్రాంతంలోని క్రీడాప్రాంగణానికి ఆమె పేరు పెట్టారు.

ఆ తరువాతి మెట్టు మన భాషకు సంబంధించినది. 1948 ఎన్నికలకు ముందు వచ్చిన రాజ్యాంగం, ద్వీపంలో వాడుకలో ఉన్న భాషలలో ఏ ఒక్కదానిలోనైనా చదువను వ్రాయను వచ్చిన వయోజనులకు వోటుహక్కు ఇచ్చింది. ఆ భాషల వరుసలో తెలుగు కూడా ఉన్నది. పగలంతా చెరకు నరికి, రాత్రి కిరసనాయిలు దీపం దగ్గర ‘అ ఆ’లు దిద్దుకొన్న మన తాతలకు ఆ అక్షరాలు కేవలం భజన పుస్తకం చదవడానికి కాక, దేశపు తలరాత వ్రాయడానికి అక్కరకు వచ్చాయి. వోటర్ల సంఖ్య పన్నెండు వేల నుండి డెబ్బై వేలకు పైగా పెరిగింది. సంఖ్యలుగా ఉన్నవారు పౌరులైనారు.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు భవిష్యత్తు ఆశాజనకంగా లేదు. మలేరియా అదుపులోకి వచ్చి జనాభా వేగంగా పెరుగుతున్నది. పంట ఒక్క చెరకే. 1960 తుపానులు ఇళ్ళను తుడిచిపెట్టాయి. ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1961లో ప్రచురించిన నివేదికలో ఈ ద్వీపం భవిష్యత్తు గురించి నిరాశే వ్యక్తం చేశాడు. ఆయనకు తరువాత నోబెల్ బహుమతి వచ్చింది. కాని ఈ విషయంలో ఆయన భయం నిజం కాలేదు. 1970లో ఎగుమతి పరిశ్రమల చట్టం వచ్చింది. 1975 నుండి యూరపు దేశాలు చక్కెరకు హామీ ధర ఇచ్చాయి. 1970ల దశకంలోనే ఉన్నత పాఠశాల విద్య ఉచితమైనది. 1980ల మొదట్లో పనిలేనివారు వీధివీధినా ఉండగా, ఆ దశకం ముగిసేసరికి పనివారు చాలని స్థితి వచ్చింది. 2020లో ప్రపంచ బ్యాంకు ఆ ద్వీపాన్ని అధికాదాయ దేశాల పట్టికలో చేర్చింది. కరోనా దెబ్బతో మరుసటి ఏడే ఆ స్థానం పోయినా, బంజరు రాతినేల అంత దూరం నడిచి వచ్చినదన్న మాట నిజం.

అంటే మన ఎదుగుదలలో మన చెమట ఉన్నది. మరొకరి రక్తం ఉన్నది. ఒక పరాయివాడు తిన్న దెబ్బలు ఉన్నాయి. ఒక ఒడంబడికలో వ్రాసిన ధర ఉన్నది. కాలం కలిసిరావడం కూడా ఉన్నది. ఈ జాబితాలో మన వంతు ఒకటి మాత్రమే. వినయం అనేది సుగుణమని చెబుతారు గాని, ఇక్కడ అది కేవలం సరియైన లెక్క.

పోయినదేమిటి?

ఇంతటి మార్పులో కొంత పోయింది. కాంపుల బారకాసులు పోయాయి. సాయంకాలం అరుగు మీద కూర్చుండి సింహాద్రి అప్పన్న కథలు చెప్పుకొనే అలవాటు పోయింది. ఇంటిలో తెలుగు పోయి క్రియోల్ నిలిచింది. తెలుగు బడిలోకి, గుడిలోకి పరిమితమైనది. అమ్మోరి పండుగ, రామభజన మిగిలాయి. కొందరు పెద్దలు ఆ పాత కాంపు జీవితాన్ని తలచుకొని నిట్టూర్చుతారు. నేను నిట్టూర్చలేను. మా నాయన చెరకు నరికేవాడు. కోతల కాలంలో తెల్లవారుజాము నాలుగు గంటలకే లేచేవాడు. ఆయన చేతి పగుళ్ళకు మా అమ్మ కొబ్బరినూనె రాయడం నాకు గుర్తు. ఆ జీవితం అందమైనదని ఆయన ఎన్నడూ అనలేదు. నేను ఆ పని చేయకూడదన్నదే ఆయన కోరిక.

1980లలో మా అమ్మ తోటపని మాని బట్టల మిల్లులో కుట్టుపనికి చేరింది. ఆ పరిశ్రమల్లో మొదట్లో స్త్రీలకు పురుషులకన్నా తక్కువ కూలి నిర్ణయించారు. అయినా తన పేరు వ్రాసిన జీతపు కవరు చేతికి రావడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. ఆ కవరు మా ఇంటిలో చాలా మార్చింది. మా చెల్లెలి చదువు ఆగలేదు. ఆర్థికమైన మార్పు సంస్కృతిని చెడగొట్టిందని సభలలో అనేవారు, ఆ కవరు తెచ్చిన గౌరవాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

కాని నిజంగా పోయినది ఒకటున్నది. అది చేతిపని చేసేవాని పట్ల సామీప్యం. 2006 నుండి యూరపు చక్కెర ధరను నూటికి 36 వంతులు తగ్గించివేసింది. 2009లో పాత హామీ ముగిసింది. స్వాతంత్ర్యం నాటికి ఇరవైకి పైగా ఉన్న చక్కెర మిల్లులు నేడు మూడే మిగిలాయి. 2001 నుండి స్వచ్ఛంద విరమణ పథకాల క్రింద వేలాది తోట కూలీలు కొంత రొక్కం, ఒక ఇంటిస్థలం తీసుకొని పనికి సెలవు చెప్పారు. యంత్రాలు రావడానికి అనువుగా రాతిగుట్టలను బుల్‌డోజర్లు తొలగించాయి. 2002 తరువాత కొన్ని చెరకుభూములలో విదేశీ ధనికులకు విల్లాలు లేచాయి. మన పూర్వులు చేతులతో పేర్చినదానిని యంత్రం ఒక పూటలో చదును చేసింది. ఆ రాయి పోయినందుకు నాకు బాధ లేదు. రాయి మోసినవాని భుజం ఎలా ఉంటుందో మరచిపోతున్నామే, అందుకు బాధ.

నేడు దిగినవాడు

ద్వీపంలోని మిల్లులకు పనివారు చాలనప్పుడు, 1990ల నుండి బయటినుండి రప్పించడం మొదలైనది. మొదట చైనా నుండి వచ్చారు. తరువాత బంగ్లాదేశ్, భారత్, నేపాల్, మడగాస్కర్‌ల నుండి వస్తున్నారు. ఇప్పుడు వారిలో అధికసంఖ్యాకులు బంగ్లాదేశీయులు. ఒప్పందం, గడువు, ఒకే యజమానికి కట్టుబడిన అనుమతి పత్రం, వరుస మంచాల వసతిగృహం. ఎక్కడో విన్నట్లు లేదూ?

కొన్నేళ్ళ క్రితం ఫ్లాక్ ప్రాంతంలో మా మేనమామ ఇంటికి వెళ్ళాను. ఆదివారం సాయంకాలం. ఎదురు దుకాణం ముందు పదిమంది బంగ్లాదేశీ యువకులు ఫోన్లలో ఇంటివారితో మాట్లాడుతూ నిలబడి ఉన్నారు. మా మామ వారిని చూసి, “వీళ్ళు వచ్చి కూలి రేట్లు పాడుచేశారు. ఎంతిస్తే అంతకు చేస్తారు. ఒక గదిలో ఇరవైమంది పడుకొంటారు” అన్నాడు. మా మామ చెడ్డవాడు కాడు. గుడి కార్యక్రమాలలో మొదట నిలబడే మనిషి. ఆయన మాటకు నేను తల ఊపాను. అవునన్నాను. ఇది నా తప్పుగా ఇక్కడ ఒప్పుకొంటున్నాను.

ఇంటికి వచ్చాక మా అమ్మతో ఆ మాట చెప్పాను. ఆమె చివరి సంవత్సరాలలో మిల్లులో ఒక బంగ్లాదేశీ పిల్లకు ప్రక్క యంత్రం మీద పని నేర్పింది. “ఆ పిల్ల మొదటి ఏడు జీతమంతా తనను పంపిన దళారి అప్పుకే పోయిందిరా. తండ్రి చనిపోతే వెళ్ళలేకపోయింది” అన్నది. కాసేపు ఊరుకొని మరల అన్నది: “మనవాళ్ళు రేవులో దిగిననాడు కూడా ఎవరో ఒడ్డున నిలబడి మీ మామ అన్న మాటే అనుంటారు.”

పిల్లవాడు అడిగిన ప్రశ్నకు సమాధానం ఆనాడే మా అమ్మ చెప్పింది. గ్రహించడానికి నాకు ఇంతకాలం పట్టింది.

ఆక్షేపణలు

ఇక్కడ కొన్ని ఆక్షేపణలు వస్తాయి. అవి తోసిపుచ్చదగినవి కావు.

మొదటిది: “ఆనాటి పీడన, నేటి ఉద్యోగం ఒకటేనా?” కావు. నేటి పనివాని చేతిలో ఫోను ఉన్నది, విమానం ఉన్నది, 2018 నుండి ఆ దేశంలో కనీస వేతన చట్టం ఉన్నది, అది విదేశీ పనివానికీ వర్తిస్తుంది. చెరసాలకు పంపే చీటీ లేదు. తేడాను దాచిపెట్టడం మన పూర్వుల కష్టానికే అపచారం. కాని దళారి అప్పు, యజమాని మారే స్వేచ్ఛ లేకపోవడం, నోరెత్తితే తిరుగు విమానం ఎక్కిస్తారన్న భయం, ఈ మూడూ పాతవే. రోగం తగ్గినంత మాత్రాన రోగి లేడనలేము.

రెండవది: “వారు ఇష్టపడే వచ్చారు గదా?” మనవారూ వేలిముద్ర వేసే వచ్చారు. ఆకలి చేయించే సంతకాన్ని ఇష్టమని పిలవడం యజమానులకు ఎప్పుడూ అలవాటు. ఆ మాట మన నోట రాకూడదు.

మూడవది, బలమైనది: “చిన్న ద్వీపం ఎందరిని మోయగలదు?” పన్నెండున్నర లక్షల జనాభా గల దేశానికి ఎందరిని పిలవాలో నిర్ణయించుకొనే హక్కు ఉన్నది. దానిని నేను కాదనను. కాని పిలిచినవానిని ఎలా చూడాలన్నది హక్కుకు సంబంధించిన విషయం కాదు, ధర్మానికి సంబంధించినది. ఇంటికి ఎందరు అతిథులు రావాలో గృహస్థు నిర్ణయించుకోవచ్చు. వచ్చినవానికి సగం విస్తరి వేయకూడదు.

నాలుగవది: “మా ఇంటిలోనే వెనుకబడినవారు ఉన్నారు గదా?” ఉన్నారు. బానిసల సంతతివారైన క్రియోల్ సోదరులలో ఎందరో ఈ సంపదలో వాటా పొందలేదు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు నిర్బంధంలో మరణించినప్పుడు ద్వీపం మండిపోయింది. ఆ మంట ఒక్కరోజులో పుట్టినది కాదు. 2009లో ఏర్పడి 2011లో నివేదిక ఇచ్చిన సత్య న్యాయ సంఘం బానిసత్వాన్ని, ఒప్పంద కూలీ వ్యవస్థను కలిపే విచారించింది. ఫిబ్రవరి 1న వారి విముక్తి దినం, నవంబరు 2న మన ఆగమన దినం, రెండూ ఆ దేశంలో సెలవుదినాలే. మనం రెండవదానికి మాత్రమే పూలమాలలు కొంటే మన స్మృతి ఒంటికన్నుది అవుతుంది.

నేపర్‌విల్ నుండి చూస్తే

మారిషస్ సంగతి ఇక్కడెందుకని అడగవచ్చు. మనం నివసిస్తున్న ఈ ఊరు చూడండి. 1831లో జోసెఫ్ నేపర్ డ్యూపేజ్ నది ఒడ్డున దీనికి పునాది వేశాడు. అంతకు ముందు ఈ నేల పొటావాటొమీ ప్రజలది. 1960లో పదమూడు వేల జనాభా కూడా లేని వ్యవసాయపు ఊరు. 1966లో బెల్ ప్రయోగశాల వచ్చింది. మొక్కజొన్న చేలు ఇళ్ళయినాయి. 2020 నాటికి జనాభా లక్షన్నరకు చేరింది. అంటే ఇక్కడ కూడా తోట పోయి నగరం వచ్చింది. మనం వచ్చినది సుఖపు అంకంలో.

మనవారిలో, మన తెలుగు మిత్రులలో ఎందరో హెచ్-1బి పత్రం మీద యజమానికి కట్టుబడి సంవత్సరాల తరబడి పనిచేసినవారు ఉన్నారు. ఉద్యోగం పోతే అరవై రోజులలో ఇల్లు సర్దుకోవాలన్న భయం వారికి తెలుసు. అది చెరకుతోట భయం కాదు. కాని ఆ జాతికి చెందినదే. దానిని అనుభవించినవారు, తెల్లవారుజామున మన వీధిలో ఆగే బండి నుండి దిగి గడ్డి కోసే మెక్సికో దేశస్థుని, మన ఇంటి కప్పు మీద ఎండలో మేకులు కొట్టే మధ్య అమెరికా యువకుని ఏ కంటితో చూస్తున్నారు? పండుగ భోజనాలకు పాత్రలు కడిగినవాని పేరు మనలో ఎందరికి తెలుసు? బేరం ఆడి వాని కూలి తగ్గించినప్పుడు మనం ఏ వైపు నిలబడ్డాం? పూర్వుని వైపా, తోట యజమాని వైపా?

ఏరు దాటిన తరువాత తెప్ప తగలేసినట్లు అని మన సామెత. సాధారణంగా దానిని కృతఘ్నతకు చెబుతాం. కాని తెప్పను తగలేయకుండా ఇంటికి తెచ్చి, గంధం పూసి, గోడకు తగిలించి, ఏడాదికొకసారి హారతి ఇచ్చేవారూ ఉన్నారు. వారు కృతఘ్నులు కారు; అయినా తెప్పకు న్యాయం చేసినవారూ కారు. తెప్ప ఉన్నది ఏరు దాటడానికి. అవతలి ఒడ్డున ఇంకా మనుషులు నిలబడి ఉన్నారు.

నాలుగవ ఋణం

కనుక ఆ పిల్లవానికి నా సమాధానం ఇది. నాయనా, నీవన్నది నిజమే. లేనివారికి బాకీ తీర్చలేము. అందుకే వారి స్థానంలో నేడు నిలబడినవారికి తీర్చాలి. పితృఋణానికి వారసుడు మనుష్యుడే. ముత్తాత ఆకలికి నీవిప్పుడు అన్నం పెట్టలేవు. అదే ఆకలితో నేడు దిగినవానికి పెట్టగలవు. ముత్తాతకు గుమస్తా ఇచ్చిన సంఖ్యను నీవు చెరపలేవు. నీ ఇంట పనిచేసినవానిని పేరుతో పిలవగలవు. ఆ కూలి కోతను వెనక్కి ఇప్పించలేవు. నీ చేతిమీదుగా జరిగే కూలి సకాలంలో, పూర్తిగా ఇవ్వగలవు. నీకిక్కడ వోటు ఉన్నది. అది మీ తాతకు 1948లో అక్షరం దిద్దుకొన్నందుకు దక్కినది. దానిని నోరులేనివాని తరఫున వాడగలవు. ప్లెవిట్జ్ మనకు ఏమీ ఋణపడి లేకుండానే అంత చేశాడు. ఋణపడినవారం మనం ఎంత చేయాలి?

ఇది జరగని పనేమీ కాదు. 2020 జూలై 25న వకాషియో అనే పెద్ద ఓడ మారిషస్ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బకు తగిలి ఇరుక్కొన్నది. ఆగస్టులో దాని కడుపు నుండి సుమారు వెయ్యి టన్నుల చమురు సముద్రంలోకి కారింది. ప్రభుత్వ యంత్రాంగం కోసం ఎదురుచూడక ప్రజలే ఒడ్డుకు వచ్చారు. చెరకు ఆకులు, ఎండుగడ్డి తెచ్చి బట్టలలో కూరి, పొడవాటి గొట్టాలుగా కుట్టి, నీటి మీద అడ్డుకట్టలుగా తేల్చారు. క్రియోల్, హిందూ, ముస్లిం, చైనీయ సంతతివారన్న భేదం లేకుండా రాత్రింబగళ్ళు కుట్టారు. ఒకప్పుడు మనుషులను విడదీసిన చెరకు, ఆనాడు మనుషులను ఒక్కటిగా కుట్టింది. ఆ దృశ్యాలను ఇక్కడ మా ఇంటిలో చూస్తూ మా అమ్మను తలచుకొన్నాను. ఆమె అప్పటికి లేదు. ఉంటే సూది పట్టుకొని ఆ ఒడ్డునే ఉండేది. ప్రక్కన కూర్చున్నది ఎవరని అడిగేది కాదు.

రాబోయే ఉగాదికి మనం మరల కలుస్తాం. పచ్చడిలోని చేదును తాతలకు, తీపిని మనకు పంచి చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. కాని పచ్చడి ఒక్క గిన్నెలోనే కలుపుతాం. ఈసారి ఆ గిన్నెలో నుండి ఒక దొన్నె, మన సమావేశ మందిరాన్ని శుభ్రపరిచే మనిషికి, ఆ మనిషి పేరు అడిగి తెలుసుకొని, మన పిల్లల చేతుల మీదుగా అందిద్దాం. చిన్న పనే. మన పూర్వులు కూడా ఆ తోటలను ఒక్కొక్క రాయి తీసే చదును చేశారు.

శుభం భూయాత్.